నాలుగు గొంతులతో డాన్స్ పాప్ సింగిల్ చేయడం

గర్ల్ గ్రూప్ పాటలో ట్యూన్ కన్నా ముందు తేలాల్సింది ఒకటుంది: ఏ గొంతు ఎక్కడ పాడుతుంది? ఒక్క గాయని పాడే పాటైతే ట్యూన్ కట్టి, శ్రుతి ఆమెకు తగ్గట్టు జరిపి, బీట్ వేసుకుంటే పని నడిచిపోతుంది. నలుగురు ఆడుతూ పాడే పాటకు అలా కుదరదు. శ్రుతి, పల్లవి ఎత్తు, లైన్ల పొడవు, ఆఖరికి మిక్స్‌లో ఎవరికెంత రివర్బ్ (గొంతు వెనక వినిపించే ప్రతిధ్వని) అన్నది కూడా గొంతుల పంపకం మీదే నిలబడుతుంది. పాటంతా అయిపోయాక "ఇప్పుడు ఎవరికి ఏ లైన్ ఇద్దాం" అని కూర్చుంటే చివరి వారంలో శ్రుతి మార్చాల్సి వస్తుంది. శ్రుతి మారిందంటే బేస్, సింథ్, పాడిన టేకులు అన్నీ మళ్లీ మొదటికొస్తాయి.

కింది లెక్కలన్నీ నలుగురి గ్రూపు, 120 బీపీఎం (నిమిషానికి 120 బీట్లు), మూడు నిమిషాల లోపు పాట అనుకుని ఇచ్చినవి. 120 ఎందుకంటే బీటు సరిగ్గా అర సెకను, నాలుగు బీట్ల బార్ సరిగ్గా రెండు సెకన్లు. కాగితం మీద లెక్క తేలిక. డాన్స్ పాప్ మామూలుగా 118 నుంచి 128 మధ్య నడుస్తుంది కాబట్టి తర్వాత ఒకటి రెండు అంకెలు అటూ ఇటూ జరిపినా నష్టం లేదు.

ముందు గొంతుల పట్టిక

ఒక్కొక్కరినీ విడిగా కూర్చోబెట్టి మూడు స్వరాలు రాసుకోండి: స్పష్టంగా పలికే అతి కింది స్వరం, నిండు గొంతుతో హాయిగా పాడే పై స్వరం, సన్న గొంతులో అందే పై స్వరం. రెండోదే అన్నిటికన్నా ముఖ్యం. ఒక్కసారి అందుకోగలిగిన స్వరం లెక్కలోకి రాదు. వరుసగా పదిసార్లు పాడినా గొంతు బిగుసుకోని స్వరమే రాయాలి. ఇంకో పరీక్ష కూడా పెట్టండి. రెండు నిమిషాలు అక్కడే గెంతించి, ఊపిరి కుదురుకోకముందే అదే స్వరం పాడించండి. చాలామందికి అంకె కిందికి దిగుతుంది. వేదిక మీద పనికొచ్చేది ఆ దిగిన అంకే.

ఉదాహరణకు నలుగురి నిండు గొంతు పై హద్దులు ఏ4, బి4, ఏ4, డి5 (పాశ్చాత్య స్వరాల పేర్లు; వీటిలో ఏ4 అన్నిటికన్నా కింద, డి5 అన్నిటికన్నా పైన) అని తేలాయనుకోండి. అందరూ కలిసి పాడే పల్లవి ఏ4 దాటకూడదు. కలిసి పాడే చోట పాట ఎత్తును నిర్ణయించేది బలమైన గొంతు కాదు, అందరిలోకీ తక్కువ హద్దున్న గొంతు. డి5 పలికే అమ్మాయి చేతులు కట్టుకుని కూర్చోనక్కర్లేదు. ఆమె ఎత్తు చివరి పల్లవికి ముందు వచ్చే బ్రిడ్జ్‌లో, చివరి పల్లవి మీద పడే విసుర్లలో, అంటే విడి చిన్న పలుకుల్లో, వాడుకోవాలి. ఎక్కువ గ్రూపులు దీన్ని తలకిందులు చేస్తాయి: డెమో పాడిన అమ్మాయికి డి5 హాయిగా ఉందని పల్లవి అక్కడ పెడతారు, మిగతా ముగ్గురూ అరుస్తారు, ఆ అరుపు ట్యూనింగ్ సాఫ్ట్‌వేర్‌తో పోదు. స్వరం సరిచేయొచ్చు కానీ బిగుసుకున్న గొంతును వదులు చేసే ప్లగిన్ లేదు.

స్వరాల పక్కన గొంతు రంగు కూడా రాయండి: ఊపిరి కలిసినది, మెరుపున్నది, బరువైనది, జీర ఉన్నది. పాట మొదట్లో బరువైన గొంతు, పల్లవికి ముందు వచ్చే ప్రీకోరస్‌లో ఊపిరి గొంతు, పల్లవి మధ్యలో మెరుపు గొంతు పెట్టడం సులువైన దారి. ఇదేమీ శాసనం కాదు. శాసనం లాంటిది వేరే ఒకటుంది: ఒకేలా వినిపించే రెండు గొంతులు పక్కపక్క లైన్లలో రాకూడదు. వచ్చాయంటే మనిషి మారినట్టే వినేవాళ్లకు తెలియదు, నలుగురి పాట ముగ్గురి పాటైపోతుంది.

డమ్మీ పల్లవిని మూడు శ్రుతుల్లో, అరమెట్టు తేడాతో, నలుగురి చేతా ఫోన్‌లోనే పాడించి రికార్డు చేయండి. మర్నాడు వినండి. అప్పటికప్పుడు విన్నప్పుడు ఎత్తైన శ్రుతే ఎప్పుడూ బాగున్నట్టు ఉంటుంది, అది ఉత్సాహం చేసే మోసం.

బార్లు, సెకన్లు, ఎనిమిదులు

ఒక పనికొచ్చే అమరిక ఇది: ఇంట్రో 2 బార్లు, మొదటి చరణం 8, ప్రీకోరస్ 4, పల్లవి 8, పల్లవి తర్వాతి హుక్ (మళ్లీ మళ్లీ వచ్చి మనసులో నిలిచే చిన్న లైను) 4. మళ్లీ చరణం 8, ప్రీకోరస్ 4, పల్లవి 8, హుక్ 4. తర్వాత డాన్స్ బ్రేక్ 8, బ్రిడ్జ్ 8, చివరి పల్లవి రెండు చుట్లు కలిపి 16, ముగింపు 4. మొత్తం 86 బార్లు, 172 సెకన్లు, అంటే 2 నిమిషాల 52 సెకన్లు. పల్లవి 28వ సెకనులో మొదలవుతుంది. స్పాటిఫైలో పాటను 30 సెకన్లు విన్నాకే ఒక ప్లేగా లెక్కిస్తారు కాబట్టి ఆ గీత దాటకముందే పల్లవి తలుపు తట్టడం మంచిది. ఇంట్రోను 8 బార్లకు సాగదీస్తే పల్లవి 40వ సెకనుకు పోతుంది.

డాన్స్ మాస్టర్ బార్లు లెక్కపెట్టరు, ఎనిమిదులు లెక్కపెడతారు. రెండు బార్లకు ఒక ఎనిమిది. 8 బార్ల పల్లవి అంటే వారికి నాలుగు ఎనిమిదులు. ఊపు కోసం ఎక్కడైనా ఒక బార్ ఎక్కువ పెట్టినా, రెండు బీట్లు కోసేసినా వారి లెక్క సగంలో విరుగుతుంది. అలాంటి విరుపు పాటకు నిజంగా అందం తెస్తే ఉంచుకోండి, కానీ డెమో పంపేటప్పుడే ఏ సెకనులో ఉందో రాసి పంపండి. కదలికలు కట్టాక చెబితే రిహార్సల్ ఒక రోజు వెనక్కి పోతుంది.

పంపకానికి ఒక కాగితం తీసుకుని అడ్డంగా బార్లు, నిలువుగా నలుగురి పేర్లు వేయండి. ఒక్కొక్కరు ఒంటరిగా పాడే సెకన్లు కూడండి. సమానంగా పంచాలని లేదు, పాటకు అది మంచిది కూడా కాదు. కానీ ఎవరి వంతైనా 10 సెకన్ల లోపు ఉంటే ఆ అమ్మాయి సింగిల్‌లో లేనట్టే. ఆ లెక్క మీరు వేయకపోతే అభిమానులు స్టాప్‌వాచ్ పెట్టి మరీ వేస్తారు. డాన్స్ బ్రేక్ అయిన వెంటనే పాడాల్సిన అమ్మాయికి బ్రేక్‌లో ఆఖరి రెండు బార్లు తక్కువ కదలికలు ఉండేలా అప్పుడే మాస్టర్‌తో మాట్లాడుకోండి. ఒకరి నుంచి ఒకరికి లైన్ మారే చోట కనీసం అర బీటు ఖాళీ ఉంచండి. ముందున్నామె వెనక్కి జరిగి, వెనకున్నామె ముందుకు రావడానికి ఆ జాగా కావాలి.

పాటను ముక్కలుగా రాసుకుని తర్వాత కుట్టడం కూడా మంచి పద్ధతే. ఇంగ్లండ్‌లో గర్ల్స్ అలౌడ్ గ్రూపుకు పాటలు చేసిన జెనోమేనియా బృందం ఇలాగే పనిచేసేది: వేర్వేరు ట్యూన్ల ముక్కలు పోగేసి, వాటిలో బలమైనవాటిని ఒకే బీటు మీద కలిపేది. అందుకే ఆ పాటల్లో చరణానికీ పల్లవికీ చుట్టరికం లేనట్టు ఉండి కూడా ఎక్కడా అతుకు కనబడదు. నలుగురు గొంతులున్న చోట ఇది ఇంకా బాగా పనిచేస్తుంది, ఎందుకంటే ప్రతి ముక్కా ఒక్కో మనిషి స్వభావంతో పుట్టొచ్చు.

హుక్‌లో మాత్రలు

స్వీడన్ నిర్మాత మాక్స్ మార్టిన్ పద్ధతికి మెలొడిక్ మ్యాత్ అని పేరు. ఒక లైన్‌లో ఎన్ని అక్షరాలుంటే దాని జోడీ లైన్‌లోనూ అన్నే ఉండాలి, అవే చోట్ల పడాలి. ఛందస్సు కాస్త తెలిసినవాళ్లకు ఇందులో కొత్తేమీ లేదు. మనకు గురువు, లఘువు అనే కొలత కూడా ఉంది కనుక పని ఇంకా సులువు.

డాన్స్ పాప్‌లో తరచూ వినిపించే విరుపు 3+3+2. ఒక బార్‌లో ఎనిమిది అరబీట్లుంటే, బలం ఒకటి, నాలుగు, ఏడో అరబీటు మీద పడుతుంది. దీనికి సరిపోయే తెలుగు హుక్ ఒకటి కట్టి చూద్దాం: "దూకు దూకు రా". దూ రెండు మాత్రలు, కు ఒకటి, మళ్లీ దూ రెండు, కు ఒకటి, రా రెండు. మొత్తం ఎనిమిది. మాత్రకు ఒక అరబీటు ఇస్తే మాట తనంతట తానే తాళంలో కూర్చుంటుంది. మూడు బలాలూ మూడు గురువుల మీద పడ్డాయి. పైగా "రా"లో నోరు బాగా తెరుచుకుంటుంది కాబట్టి పై స్వరం, అంటే ఏ4, అక్కడ పెట్టొచ్చు. "దూ" కింద ఉంటేనే మేలు. ఊ, ఈ లాంటి మూసుకునే అచ్చులు ఎత్తులో నిండు గొంతుకు ఎదురు తిరుగుతాయి.

దీన్నే "ఆడు ఆడు రా" అని రాస్తే? లెక్క అదే ఎనిమిది. కానీ వేగంలో ఉకారం, ఆకారం ఢీకొని "ఆడాడు" అయిపోతుంది. నలుగురు కలిసి పాడితే మొత్తం మసక. హుక్‌లో ప్రతి మాటా హల్లుతో మొదలైతే బీటుకు అంచు వస్తుంది.

ఇక జోడీ లైన్. "దాటి దాటి పో" అంటే అచ్చుగుద్దినట్టు కుదురుతుంది. "గెలిచి గెలిచి పో" అంటే మాత్రలు ఎనిమిదే, కానీ అక్షరాలు ఐదు ఉండాల్సిన చోట ఏడు. వినేవాళ్లకు అది వేరే లయ. చరణంలో ఆ స్వేచ్ఛ తీసుకోండి, హుక్‌లో వద్దు.

తెలుగులో డాన్స్ పాప్ రాసేటప్పుడు ఎక్కువగా దొర్లే తప్పు లఘువును సాగదీయడం. పొడవైన స్వరం మీద "పడు" అనే మాట పెడితే వినిపించేది "పాడు". "కల" పెడితే "కాల". అర్థమే మారిపోతుంది. ఆ స్వరానికి గురువున్న మాట వెతకండి, దొరక్కపోతే అక్షరాన్ని పొట్టిగా పలికించి మిగతా చోటు సింథ్‌కు వదిలేయండి. సున్నాతో ముగిసే మాటలు, "ప్రాణం" లాంటివి, లైను చివర పొడవుగా పాడొద్దు. నోరు మూసుకుపోయి శబ్దం ముక్కులోకి వెళుతుంది. ర్యాప్ భాగంలో బీటుకు నాలుగు అక్షరాలు వేస్తే 120 వేగంలో సెకనుకు ఎనిమిది పడతాయి. ద్విత్వాలు, సంయుక్తాక్షరాలు ఎక్కువుంటే రెండు బార్లకు మించి ఎవరూ స్పష్టంగా లాగలేరు.

బీటు

నాలుగు బీట్లకూ కిక్, రెండు, నాలుగు మీద క్లాప్, బీటుకూ బీటుకూ మధ్యలో తెరుచుకునే హైహ్యాట్. పునాది ఇంతే. 1980లో వచ్చిన రోలాండ్ డ్రమ్ మెషీన్ టీఆర్-808, 1983లో వచ్చిన టీఆర్-909 శబ్దాలే ఈనాటికీ శాంపిల్స్‌గా తిరుగుతున్నాయి, వాటిని వాడటానికి మొహమాటపడక్కర్లేదు. క్లాప్ ఒక్కటే పలచగా ఉంటే రెండు మూడు శబ్దాలు కలపండి, కొన్ని మిల్లీసెకన్లు అటూ ఇటూ జరిపితే వెడల్పు వస్తుంది.

శ్రుతి ఏ మైనర్ అనుకుంటే బేస్ మూల స్వరం 55 హెర్ట్జ్. క్లబ్బు స్పీకర్లలో అది కడుపులో తగులుతుంది, ఫోన్ స్పీకర్‌లో అసలు వినబడదు. బేస్ మీద కాస్త శాచురేషన్ (శబ్దాన్ని కొద్దిగా గరుకు చేయడం) వేస్తే 110, 165 హెర్ట్జ్ దగ్గర, ఆ పైన కొత్త పొరలు పుట్టి, చిన్న స్పీకర్‌లో కూడా చెవి ఆ స్వరాన్ని ఊహించుకుంటుంది. కార్డులు (కలిపి మోగించే స్వరాల గుంపులు) ఏ మైనర్, ఎఫ్, సి, జి అని తిప్పితే, పై స్వరం ఏ4 మొదటి కార్డు మీద ఇంటికొచ్చినట్టు ఉంటుంది, జి మీదకు వచ్చేసరికి గాలిలో వేలాడుతుంది. పల్లవి చివరి అక్షరం ఆ జి మీద పడేలా చూడండి. వేలాడే స్వరం వినేవాళ్లను మళ్లీ మొదటికి లాగుతుంది.

పల్లవి పెద్దగా వినబడాలంటే పల్లవిలో వాయిద్యాలు పెంచడం కన్నా దానికి ముందు తగ్గించడమే దారి. చరణంలో కింది బేస్ తీసేయండి. ప్రీకోరస్ ఆఖరి రెండు బార్లలో కిక్ ఆపండి. పల్లవికి ముందు చివరి బీటు, అర సెకను, అంతా నిశ్శబ్దం చేసి అక్కడ ఒకే ఒక గొంతు ఒక్క మాట అనేలా పెట్టండి. ఆ మాట ఎవరిదైతే ఆ అమ్మాయే పాటకు ముఖమవుతుంది, కాబట్టి ఎంచి ఇవ్వండి.

పాడించడం

మొదటి రోజు మొదట మైకు ముందుకు రావాల్సింది పెద్ద గొంతు కాదు, లయ గట్టిగా ఉన్న గొంతు. ఆమె పాడిన పల్లవి మిగతా ముగ్గురికీ కొలత అవుతుంది. లయ జారే అమ్మాయి ముందు పాడితే మిగతావాళ్లు ఆ జారుడుకే అలవాటు పడతారు.

నలుగురికీ ఒకే మైకు, ఒకే ప్రీఆంప్, ఒకే చోటు. మైకు నుంచి 15 నుంచి 20 సెంటీమీటర్లు, మధ్యలో పాప్ ఫిల్టర్. స, చ, ష గీసుకుంటున్న గొంతైతే మైకును కొద్దిగా పక్కకు తిప్పండి, తర్వాత ఆ చప్పుడు తగ్గించే డీఎస్సర్‌తో కుస్తీ పట్టే పని సగం తగ్గుతుంది. 24 బిట్, 48 కిలోహెర్ట్జ్. గట్టిగా పాడినప్పుడు మీటరు మైనస్ 10, మైనస్ 6 డెసిబెల్స్ మధ్య ఆగాలి, సున్నా దాకా పోనివ్వొద్దు. హెడ్‌ఫోన్‌లో క్లిక్ ఎక్కువ పెడితే ప్రీకోరస్ నిశ్శబ్దాల్లో టిక్కు టిక్కుమని మైకులోకి ఎక్కుతుంది. నెమ్మదైన చోట్ల క్లిక్ తగ్గించండి.

ఒంటరి లైన్లకు ఒక్కొక్కరి చేత నాలుగైదు టేకులు చాలు. పది దాటాక స్వరం మెరుగవుతుంది, ముఖం చచ్చిపోతుంది. ప్రతి అమ్మాయి చేతా తన లైన్లే కాకుండా పాటంతా ఒక్కసారి పాడించి దాచుకోండి. మిక్స్ వేళ ఒక లైను ఎవరికీ నప్పలేదని తేలితే అప్పుడు అదే అక్కరకొస్తుంది.

పల్లవి పొరల లెక్క: ప్రధాన గొంతు ఒకటి, మధ్యలో. నలుగురి చేతా అదే ట్యూన్ రెండేసి సార్లు, ఎనిమిది ట్రాకులు, ఒకటి ఎడమకు, ఒకటి కుడికి. పై హార్మొనీ ఇద్దరి చేత రెండేసి సార్లు, కింది హార్మొనీ ఇద్దరి చేత రెండేసి సార్లు, ఇవో ఎనిమిది. అష్టమ స్వరం కింద, దాదాపు గుసగుసలా, బరువైన గొంతుతో రెండు. మొత్తం 19. ఇంతకన్నా పెంచితే పెద్దదవదు, ముద్దవుతుంది. ఒకే టేకును కాపీ చేసి కుడి ఎడమలకు వేయడం పనికిరాదు: రెండూ అచ్చంగా ఒకటే కాబట్టి శబ్దం మళ్లీ మధ్యలోకే వచ్చి కూర్చుంటుంది. వెడల్పు పుట్టేది రెండు టేకుల మధ్య ఉండే చిన్న చిన్న తేడాల్లోంచే.

పొరలు పాడించే ముందు సాహిత్యం కాగితం మీద ప్రతి పొడవు స్వరం పక్కన కోత ఎక్కడో, అంటే ఎక్కడ ఆపాలో, రాయండి: "రా, ఎనిమిదో అరబీటుకు కోత" అని. అచ్చు ఎలా పలకాలో కూడా తేల్చండి. ఒకరు "రా"ను వెడల్పుగా, ఇంకొకరు "ఱో"కు దగ్గరగా పలికితే స్వరం ఒకటైనా శ్రుతి తప్పినట్టే వినిపిస్తుంది. ఈ తప్పును ట్యూనింగ్ సాఫ్ట్‌వేర్ పట్టుకోదు, గంటలు గడుస్తాయి కానీ సమస్య ఎక్కడుందో దొరకదు.

రెండో పల్లవిలో పొరలు మొదటి పల్లవి నుంచి కాపీ చేసుకోవచ్చు, ఎవరూ గుర్తుపట్టరు. ప్రధాన గొంతు మాత్రం ప్రతిసారీ కొత్తగా పాడించండి. చివరి పల్లవిలో డి5 అమ్మాయి విసుర్లు హుక్ ఖాళీల్లో పడాలి, హుక్ మీద కాదు. "రా" తర్వాత ఖాళీ లేకపోతే విసురు ఎంత గొప్పదైనా మాట మీద మట్టి పోసినట్టే.

కోతలు, సవరణలు

పొరలు అంటుకున్నట్టు వినిపించడానికి ఒక్క లైను దగ్గరగా చూద్దాం. "దూకు దూకు రా, దాటి దాటి పో". 19 ట్రాకుల్లో "ద" మొత్తం 76 సార్లు పేలుతుంది. ఒక్కో "ద" పదిహేను, ఇరవై మిల్లీసెకన్లు అటూ ఇటూ పడితే ఎవరో చినుకుల్లో నడుస్తున్నట్టుంటుంది. అందుకని ప్రధాన గొంతులో "ద" అలాగే ఉంచి, పొరల్లో ప్రతి "ద" ముందు చిన్న ఫేడ్ వేసి మెత్తబరచండి. హల్లు ప్రధాన గొంతుది, అచ్చు అందరిదీ. స, చ, ట, క లకూ ఇదే సూత్రం. లైన్ల చివర ఊపిరి తీసుకునే చప్పుడు ప్రధాన గొంతులో ఉంచండి, పొరల్లో తీసేయండి. పందొమ్మిది ఊపిరులు ఒకేసారి వినిపిస్తే భయమేస్తుంది.

కాల సవరణకు వోకల్ అలైన్ లాంటి సాధనం, స్వర సవరణకు మెలొడైన్ గానీ 1997లో వచ్చిన ఆటోట్యూన్ గానీ సరిపోతాయి. వరుస ముఖ్యం: ముందు మంచి టేకుల నుంచి ముక్కలు ఏరి కలపాలి, తర్వాత స్వరం, ఆ తర్వాత కాలం. కాలం ముందు సాగదీసేస్తే స్వరం సవరించేటప్పుడు గొంతు ప్లాస్టిక్‌లా మారుతుంది. ప్రధాన గొంతుకు సవరణ వేగం నెమ్మదిగా, పొరలకు గట్టిగా పెట్టండి. పొరలు వెనక ఉంటాయి కనుక గట్టి సవరణ తెలియదు, పైగా ప్రధాన గొంతు సహజంగా నిలబడుతుంది. నలుగురికీ ఒకే ప్రీసెట్ పెట్టారంటే అప్పటిదాకా ఏరి ఏరి పంచిన గొంతు రంగులన్నీ ఒకే సున్నంలో ముంచినట్టే. జీర ఉన్న గొంతుకు సవరణ తక్కువగా, మెరుపు గొంతుకు కాస్త ఎక్కువగా పడుతుంది.

మిక్స్

ప్రధాన గొంతులకు 100 హెర్ట్జ్ కింద, పొరలకు 180 కింద కోసేయండి. పొరలన్నీ ఒక బస్సులోకి, అంటే ఒకే ఉమ్మడి ఛానెల్లోకి, పంపి 250 నుంచి 400 మధ్య రెండు మూడు డెసిబెల్స్ తగ్గిస్తే బురద పోతుంది. గట్టి చోట్లను అణిచే కంప్రెషన్ ఒక్కసారే ఎనిమిది డెసిబెల్స్ లాగకుండా రెండు అంచెల్లో నాలుగేసి లాగండి. డీఎస్సర్ 6 నుంచి 9 కిలోహెర్ట్జ్ మధ్య, ఒక్కో గొంతుకు విడిగా వెతకాలి.

ఒంటరి లైన్లలో మనిషి మారినప్పుడల్లా శబ్దం ఎగిరి పడితే ఫేడర్‌తో సరిచేయండి, ఈక్వలైజర్‌తో కాదు. ఊపిరి గొంతు మీటరు మీద సమానంగా ఉన్నా చెవికి వెనకబడినట్టు వినిపిస్తుంది, ఒకటి రెండు డెసిబెల్స్ ఎక్కువే ఇవ్వాలి. పల్లవిలో ప్రధాన గొంతు పొరల మీద 3, 4 డెసిబెల్స్ పైన నిలవాలి. అది లేకపోతే పల్లవి పెద్దగానే ఉంటుంది, పాడుతున్నది ఎవరో తెలియదు.

120 వేగంలో అరబీటు డిలే 250 మిల్లీసెకన్లు, చుక్క అరబీటు 375. ప్రధాన గొంతుకు ప్లేట్ రివర్బ్ సెకనున్నర లోపు, 30 మిల్లీసెకన్ల ప్రీడిలేతో. చరణం పొడిగా (రివర్బ్ తక్కువగా), ప్రీకోరస్ తడిగా (రివర్బ్ ఎక్కువగా) ఉంచి, పల్లవి మొదటి మాటకు మళ్లీ పొడి చేస్తే గొంతు మొహం మీదికొచ్చినట్టుంటుంది. కిక్ పడినప్పుడల్లా బేస్, సింథ్‌లు 3 నుంచి 6 డెసిబెల్స్ తగ్గేలా సైడ్‌చెయిన్ పెట్టండి, తర్వాతి అరబీటుకల్లా, అంటే 250 మిల్లీసెకన్ల లోపు, అవి తిరిగి నిండాలి. గొంతు పొరలకు మాత్రం సైడ్‌చెయిన్ వద్దు. మాట మింగేస్తుంది.

మోనోలో ఒకసారి తప్పకుండా వినండి. హార్మొనీలు సగం మాయమైతే ఏదో స్టీరియో వెడల్పు ప్లగిన్ పని అది, తీసేయండి.

మాస్టర్, ఫైళ్లు

స్పాటిఫై, యూట్యూబ్ రెండూ పాటలను శబ్దపు గట్టితనాన్ని కొలిచే లెక్కలో దాదాపు మైనస్ 14 ఎల్‌యూఎఫ్ఎస్ దగ్గరకు సమం చేస్తాయి. అలాగని మీ పాటను సరిగ్గా అక్కడే మాస్టర్ చేయక్కర్లేదు. డాన్స్ పాప్ మైనస్ 9, మైనస్ 8 దగ్గర ఉండటం మామూలే. ఆ గట్టితనం ఈ శైలి రంగులో భాగం. క్లాప్ చప్పుడు చదునైపోయిందంటే మాత్రం శబ్దాన్ని హద్దు దాటనివ్వని లిమిటర్ ఎక్కువైందన్నమాట. మైనస్ 14 కన్నా గట్టిగా ఉన్న మాస్టర్లకు ట్రూ పీక్, అంటే శబ్దం తాకే అసలు గరిష్ఠ ఎత్తు, మైనస్ 2 డెసిబెల్స్ లోపు ఉంచమని స్పాటిఫై సూచన.

ప్రతి వెర్షన్‌కూ, ఇన్‌స్ట్రుమెంటల్‌కూ రీమిక్స్‌కూ కూడా, విడిగా, ఆ రికార్డింగును గుర్తించే 12 అక్షరాల, అంకెల ఐఎస్ఆర్‌సీ కోడ్ కావాలి. ఎవరు ఎంత రాశారో శాతాలు కాగితం మీద పెట్టి, మొత్తం 100 అయ్యేలా చూసి, అందరి సంతకాలు విడుదలకు ముందే తీసుకోండి. హుక్‌లో ఒక్క మాట ఇచ్చిన అమ్మాయి వాటా గురించి పాట హిట్టయ్యాక మాట్లాడుకోవడం కష్టం. 2015 జులై నుంచి చాలా దేశాల్లో కొత్త పాటల విడుదలకు శుక్రవారమే వాడుక రోజు. స్పాటిఫై సంపాదకుల జాబితాలకు పంపాలంటే కనీసం ఏడు రోజుల ముందే పాట వాళ్ల చేతికి వెళ్లాలి.

మాస్టర్ కాకుండా ఇంకో మూడు ఫైళ్లు ఆ రోజే తీయించుకోండి: గొంతులే లేని ట్రాకు, గొంతులు మాత్రమే ఉన్న ట్రాకు, పొరలు ఉండి ఒంటరి గొంతులు లేని వేదిక ట్రాకు. ఆర్నెల్ల తర్వాత ప్రాజెక్టు తెరిస్తే ఏదో ఒక ప్లగిన్ పనిచేయదు, అప్పుడు వీటిని మళ్లీ తీయడం కుదరదు. వేదిక ట్రాకులో పల్లవి ప్రధాన గొంతును పూర్తిగా తీసేయకుండా 10 డెసిబెల్స్ తగ్గించి ఉంచండి. డాన్స్ బ్రేక్ నుంచి వచ్చిన అమ్మాయికి మొదటి "దూ" అందకపోయినా పాట ఆగదు, రెండో "దూకు"కి ఆమె అందుకుంటుంది.